షార్ట్ షిఫ్టర్ వేయించాలా, బుష్‌లు మారిస్తే చాలా?

గేరు రాడ్ మీద ఫిర్యాదులు రెండు రకాలు. ఒకటి, రాడ్ మరీ దూరం కదలాలి. మొదటి గేరు నుంచి రెండో గేరుకు రావడానికి మోచెయ్యి సీటు వెనక దాకా పోతుంది. రెండోది, రాడ్ వదులుగా ఉంటుంది. గేరులో ఉన్నా అటూ ఇటూ ఊగుతుంది, గేరు పడిందో లేదో చేతికి తెలియదు. మొదటి జబ్బుకు మందు షార్ట్ షిఫ్టర్, అంటే రాడ్ కదిలే దూరాన్ని తగ్గించే భాగం. రెండో జబ్బుకు మందు బుష్‌లు, అంటే రాడ్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే కీళ్లలో ఉండే చిన్న తొడుగులు. దుకాణంవాళ్లు మాత్రం రెండింటికీ షార్ట్ షిఫ్టర్‌నే చూపిస్తారు. బుష్‌ల మీద మిగిలేది ఏముంటుంది?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. షార్ట్ షిఫ్టర్ కోసం వెతికేవారిలో చాలామందికి నిజంగా కావలసింది వదులు లేని రాడ్. దూరం తగ్గించడం ఆ తర్వాతి సంగతి, కొందరికి అది అసలు అక్కర్లేదు. ఈ రెండింటినీ విడదీసి చూడకపోతే డబ్బు పెట్టి కూడా అదే ఊగులాటను కాస్త తక్కువ దూరంలో అనుభవించాల్సి వస్తుంది.

ఇంకో మాట. మన రాష్ట్రాల్లో మాన్యువల్ కార్లకు కొదవ లేదు, కానీ వాటి కోసం తయారుచేసిన షార్ట్ షిఫ్టర్ కిట్లు అరుదు. అమెరికాలో ఉన్న తెలుగువారి సంగతి తిరగబడింది: అక్కడ మాన్యువల్ కార్లే తక్కువ, కానీ ఉన్న వాటికి (సివిక్ ఎస్ఐ, సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్, మజ్దా ఎంఎక్స్-5, ముస్టాంగ్, టయోటా జీఆర్86) ఒక్కోదానికి అరడజను కిట్లు దొరుకుతాయి. అందుకే ఎంపిక కూడా ఇద్దరికీ ఒకేలా ఉండదు.

## ముందు తుల్యదండం లెక్క

గేరు రాడ్ ఒక ఇరుసు మీద తిరిగే తుల్యదండం. ఇరుసుకు పైన ఉన్న పొడవును కింద ఉన్న పొడవుతో భాగిస్తే వచ్చే నిష్పత్తే మొత్తం కథ నడిపిస్తుంది. గేర్‌బాక్స్ లోపలి కడ్డీ ఎంత కదలాలో దాని నిర్మాణమే నిర్ణయిస్తుంది, దాన్ని ఏ కిట్టూ మార్చలేదు. మారేది మన చెయ్యి ఎంత దూరం కదలాలన్నది, ఎంత బలం పెట్టాలన్నది. ఒకటి తగ్గితే ఇంకొకటి పెరగాల్సిందే.

లోపలి కడ్డీ తటస్థ స్థానం నుంచి 12 మిల్లీమీటర్లు కదలాలని అనుకుని లెక్క వేద్దాం.

| రాడ్ అమరిక | ఇరుసు పైన | ఇరుసు కింద | నాబ్ కదిలే దూరం | కావలసిన చేతిబలం |
|---|---|---|---|---|
| కంపెనీ రాడ్ | 200 మి.మీ. | 50 మి.మీ. | 48 మి.మీ. | 1 రెట్టు |
| కింది భాగం పెంచితే | 200 మి.మీ. | 65 మి.మీ. | 37 మి.మీ. | 1.3 రెట్లు |
| పై భాగం తగ్గిస్తే | 150 మి.మీ. | 50 మి.మీ. | 36 మి.మీ. | 1.33 రెట్లు |
| రెండూ చేస్తే | 150 మి.మీ. | 65 మి.మీ. | 28 మి.మీ. | 1.73 రెట్లు |

ప్రకటనల్లో ‘40 శాతం తగ్గింపు’ అని చూసి సంబరపడే ముందు ఈ పట్టికలో చివరి గడి చూడండి. దూరం 42 శాతం తగ్గినచోట బలం 73 శాతం పెరిగింది. ఖాళీ రోడ్డు మీద పది నిమిషాలు నడిపి చూసినప్పుడు ఇది బాగానే ఉంటుంది. ట్రాఫిక్‌లో గంటసేపు ఒకటి, రెండు, ఒకటి, రెండు వేస్తూ కూర్చున్నప్పుడు మణికట్టుకు అసలు లెక్క తెలుస్తుంది.

పై భాగం తగ్గించే పద్ధతిలో ఇంకో చిక్కుంది. నాబ్ ఎత్తు తగ్గుతుంది. చెయ్యి స్టీరింగ్ నుంచి ఇంకాస్త కిందికి దిగాలి. పొడగరులకు, సీటు బాగా వెనక్కి జరుపుకునేవారికి ఇది నచ్చదు. కింది భాగం పెంచే కిట్లలో ఈ ఇబ్బంది ఉండదు, కానీ కింద చోటు ఉందో లేదో చూసుకోవాలి.

## ఎంపికకు ఏవి కొలమానాలు

దూరం తగ్గింపు శాతం ఒక్కటే చూసి కొనకండి. నేనైతే ఈ వరసలో చూస్తాను: వదులు పోతుందా, చేతిబలం ఎంత పెరుగుతుంది, క్యాబిన్‌లోకి చప్పుడు ఎంత వస్తుంది, పక్కపక్క గేర్ల వరసల మధ్య ఎడం ఇరుకవుతుందా, రివర్స్ గేరు తాళం సరిగ్గా పనిచేస్తుందా, పాత భాగాలు తిరిగి బిగించుకోవచ్చా. ధర ఆ తర్వాత.

వరసల మధ్య ఎడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇంజిన్ పోయేది అక్కడే. కొన్ని కిట్లు ముందు వెనకల కదలికనే కాక అడ్డంగా కదిలే దూరాన్ని కూడా తగ్గిస్తాయి. మూడో గేరులో 6,500 ఆర్‌పీఎం దాకా లాగి నాలుగుకు వెళ్లబోయి తొందరలో రెండో గేరులో పడేశారనుకోండి. రెండో గేరు నిష్పత్తి 1.9, మూడోది 1.3 అయితే క్లచ్ వదలగానే చక్రాలు ఇంజిన్‌ను 9,500 ఆర్‌పీఎంకు తిప్పుతాయి. అప్పుడు రెవ్ లిమిటర్ ఏమీ చేయలేదు, అది పెట్రోలు ఆపగలదు గానీ చక్రాలను ఆపలేదు. వాల్వులు పిస్టన్లకు తగలవచ్చు. కాబట్టి అడ్డం కదలికను విడిగా సర్దుకునే వీలున్న కిట్టు అయితే మంచిది. లేదంటే అడ్డాన్ని ముట్టుకోని కిట్టు మేలు.

## మీ కారులో రాడ్ కింద ఏముంది?

కిట్టు బ్రాండు కన్నా ముందు తెలుసుకోవలసింది ఇది. మూడు పద్ధతులున్నాయి.

నేరుగా గేర్‌బాక్స్ మీద కూర్చునేది. మారుతి జిప్సీ, జిమ్నీ, ఎంఎక్స్-5, జీఆర్86కు ముందుతరమైన టయోటా 86 వంటి వెనక చక్రాల లేదా నాలుగు చక్రాల డ్రైవ్ వాహనాల్లో గేర్‌బాక్స్ మన పక్కనే ఉంటుంది కాబట్టి రాడ్ దాని మీదనో, దానికి పట్టిన చిన్న తోక మీదనో నిలబడుతుంది. వదులు తక్కువ, మరమ్మతు సులువు. మొదటితరం ఎంఎక్స్-5 రాడ్ ఎంత పొట్టిగా కదులుతుందంటే, దానికి షార్ట్ షిఫ్టర్ వేయడం నాకు ఎప్పుడూ దండగగానే తోచింది. ఆ కారులో రాడ్ కింది బంతికి ఉండే నైలాన్ కప్పు అరిగిపోతుంది, రాడ్ చుట్టూ ఉండే రబ్బరు తొడుగులు (బూట్లు) చిరిగి గేర్‌బాక్స్ వేడి, చప్పుడు క్యాబిన్‌లోకి వస్తాయి. కప్పు, బూట్లు మార్చి, రాడ్ దిగే గుంటలో కొత్త నూనె పోస్తే రాడ్ కొత్త కారులోలా అవుతుంది.

కడ్డీల లింకేజీ. మారుతి 800, పాత హోండా సివిక్‌లు, 2014 వరకు వచ్చిన సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ అయిదు గేర్ల కార్లు ఈ కోవలోవి. రాడ్ నుంచి గేర్‌బాక్స్‌కు ఉక్కు కడ్డీ వెళ్తుంది, దానికి సమాంతరంగా ఇంకో కడ్డీ రాడ్ పీటను నిలబెడుతుంది. ప్రతి కీలు దగ్గరా ఒక రబ్బరు బుష్. వదులంతా ఈ బుష్‌లలోనే పుడుతుంది.

కేబుళ్లు. స్విఫ్ట్, ఐ20, పోలో, గత ఇరవై ఏళ్ల సివిక్‌లు, 2015 నుంచి వచ్చిన డబ్ల్యూఆర్‌ఎక్స్. రెండు కేబుళ్లు: ఒకటి ముందుకు వెనక్కి, ఒకటి అడ్డంగా. ఇక్కడ నిష్పత్తిని రెండుచోట్ల మార్చవచ్చు. క్యాబిన్‌లో రాడ్ పీట దగ్గర, లేదా బానెట్ కింద గేర్‌బాక్స్ మీద ఉన్న చిన్న ఆర్మ్ దగ్గర. వదులు కేబుల్ చివరల బుష్‌లలోనూ, రాడ్ పీటను నేలకు బిగించే రబ్బరులలోనూ ఉంటుంది.

ఏ పద్ధతో తెలియకపోతే బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ పెట్టె కింద గేర్‌బాక్స్ వైపు చూడండి. నల్ల తొడుగు వేసిన రెండు లావు కేబుళ్లు వచ్చి చిన్న ఆర్ముల మీద ముగిస్తే కేబుల్ పద్ధతే.

## డబ్బు పెట్టే ముందు చేసే పరీక్ష

చదునైన చోట కారు ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపేయండి. క్లచ్ తొక్కి మూడో గేరు వేయండి. ఇప్పుడు రెండు వేళ్లతో నాబ్‌ను అటూ ఇటూ, ముందుకు వెనక్కి మెల్లగా కదపండి. అడ్డు తగిలేదాకా అది తిరిగే దూరమే మీ వదులు. తర్వాత మొదటి గేరు వేసి నాబ్ మధ్యకు ఎదురుగా సీటు పక్కన ఒక టేపు ముక్క అంటించండి, రెండో గేరుకు తెచ్చి ఇంకోటి అంటించండి. రెండింటి మధ్య దూరం మీ అసలు కదలిక. వదులు ఆ కదలికలో అయిదో వంతో, నాలుగో వంతో ఉంటే షార్ట్ షిఫ్టర్ పేజీలు మూసేసి బుష్‌ల పేజీలు తెరవండి.

ఇంకో పరీక్ష ఇంతకన్నా ముఖ్యం. ఇంజిన్ ఆపినప్పుడు గేర్లన్నీ మెత్తగా పడి, ఇంజిన్ నడుస్తున్నప్పుడు మొదటి గేరు, రివర్స్ గేరు మొరాయిస్తుంటే తప్పు రాడ్‌ది కాదు. క్లచ్ పూర్తిగా విడవడం లేదు. హైడ్రాలిక్ గొట్టంలో గాలి చేరి ఉండవచ్చు, క్లచ్ కేబుల్ సాగి ఉండవచ్చు. ఆ స్థితిలో షార్ట్ షిఫ్టర్ వేస్తే చేతి పట్టు కూడా తగ్గి గేరు ఇంకా మొండికేస్తుంది. ఇంజిన్ మౌంట్లు (ఇంజిన్‌ను మోసే రబ్బరు దిమ్మలు) కుంగిన కార్లలో యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడల్లా రాడ్ తనంతట తాను కదులుతుంది. అదీ షిఫ్టర్ జబ్బు కాదు.

## ఒక్కొక్కటే చూద్దాం

### బుష్‌లు

అమెరికాలో సుమారు 20 నుంచి 60 డాలర్ల పని. ఇక్కడ కంపెనీ బుష్ దొరికితే వందల్లోనే అయిపోతుంది, కాకపోతే చాలా కార్లకు బుష్ విడిగా అమ్మరు, కేబుల్ మొత్తం కొనమంటారు.

అరిగిన బుష్ చూడాలంటే కేబుల్ చివర ఉన్న ఉంగరం చూడండి. లోపలి రబ్బరు ఇంజిన్ వేడికి ఎండి, పగుళ్లిచ్చి, ఆర్మ్ పిన్ను చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో ఖాళీ ఏర్పడి ఉంటుంది. పాత కార్లలో దాన్ని ఎప్పుడో ఒక మెకానిక్ ప్లాస్టిక్ టై వేసి బిగించి ఉంటాడు. ఆ టై కూడా వేడికి పెళుసై ఉంటుంది. అది తెగిన రోజు గేరు రాడ్ చేతిలో గాలిలా తిరుగుతుంది, కారు ఏ గేరులో ఉందో ఆ గేరులోనే ఇంటికి రావాలి.

కొత్తవి ఎంచుకోవడంలో మూడు దారులు. కంపెనీ రబ్బరుదే మళ్లీ వేస్తే చప్పుడు, అదురు రావు. పాలీయూరిథేన్ (రబ్బరు కన్నా గట్టి ప్లాస్టిక్) వేస్తే వదులు బాగా తగ్గుతుంది, అదురు కొంచెం పెరుగుతుంది. ఇత్తడి, అల్యూమినియం లేదా గోళాల బేరింగ్ ఉన్నవి వేస్తే వదులు దాదాపు సున్నా, కానీ గేర్‌బాక్స్ పాడే ప్రతి పాటా అరచేతికి వినిపిస్తుంది. రోజూ నడిపే కారుకు నా ఓటు పాలీయూరిథేన్‌కు. సుబారు పాత లింకేజీకి కార్ట్‌బాయ్ సంస్థ ముందు, వెనక బుష్‌ల జత అమ్ముతుంది. ఆ కార్లున్నవారు షార్ట్ షిఫ్టర్ కన్నా ముందు ఇదే వేయించుకోవడం మంచిది. రాడ్ దూరం ఒక్క మిల్లీమీటరు కూడా మారకపోయినా, వదులు పోవడం వల్ల చేతికి దూరం తగ్గినట్టే తోస్తుంది.

### బరువైన నాబ్

అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా తిరిగి మార్చుకోవడం సులువు. 300 నుంచి 500 గ్రాముల ఉక్కు నాబ్ వేస్తే ఒకసారి కదలిక మొదలయ్యాక ఆ బరువే రాడ్‌ను గేరులోకి తీసుకుపోతుంది. చిన్న చిన్న గరగరలు చేతికి తెలియవు. కంపెనీ నాబ్ కన్నా పొట్టిదైతే దూరం కూడా కాస్త తగ్గుతుంది.

కొనేముందు మర కొలత సరిచూసుకోవాలి. హోండాకు ఎం10×1.5 (మర వ్యాసం 10 మి.మీ., మర చుట్ల మధ్య ఎడం 1.5 మి.మీ.), మజ్దాకు ఎం10×1.25, సుబారు, టయోటాలకు ఎం12×1.25. పాత బీఎండబ్ల్యూలలో నాబ్‌కు మరే ఉండదు, గట్టిగా నొక్కి ఎక్కించేది. ఫోక్స్‌వాగన్‌లలో నాబ్, తోలు తొడుగు కలిసే వస్తాయి. రివర్స్ కోసం నాబ్ కింద ఉంగరం పైకి ఎత్తాల్సిన హ్యుందాయ్, సుబారు ఆరు గేర్ల కార్లలో కొత్త నాబ్ ఆ ఉంగరానికి అడ్డం రాకూడదు.

ఎండ సంగతి ఎవరూ చెప్పరు. విజయవాడలో మే నెల మధ్యాహ్నం, టెక్సాస్‌లో ఆగస్టు మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారులో ఉక్కు నాబ్ పట్టుకోలేరు. అలాంటి ఊళ్లలో ఉండేవారు తోలు చుట్టినదో, డెల్రిన్ ప్లాస్టిక్‌దో చూసుకోండి. డెల్రిన్ బరువు ఉండదు, కానీ చెయ్యి కాలదు.

### గేర్‌బాక్స్ వైపు ఆర్మ్

కేబుల్ కార్లకు మాత్రమే. కన్సోల్ (రాడ్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ పెట్టె) విప్పక్కర్లేదు, ఎయిర్ ఫిల్టర్ పెట్టె తీస్తే చెయ్యి అందుతుంది. పాత ఆర్మ్ తీసి, కేబుల్ పట్టే చోటు ఇరుసుకు దగ్గరగా ఉన్న కొత్త ఆర్మ్ వేస్తారు. నాలుగోతరం గోల్ఫ్, జెట్టాలకు డీజిల్‌గీక్ సంస్థ సిగ్మా పేరుతో అమ్మేది ఈ తరహాదే.

ఇక్కడ తెలియకుండా జరిగే నష్టం ఒకటుంది. చాలా కార్లలో కంపెనీ ఆర్మ్ మీద ఇనుప ముద్దలాంటి బరువు ఉంటుంది. చూడటానికి అనవసరంగా అనిపిస్తుంది గానీ, సింక్రోనైజర్ (గేరు పడేముందు వేగాలను కలిపే లోపలి రింగు) పట్టుకునే క్షణంలో వచ్చే తడబాటును ఆ బరువే మింగేస్తుంది. కొత్త ఆర్మ్ తేలికైనదైతే గేర్లు పొట్టిగా, కానీ కటకటమంటూ పడతాయి. కొందరికి అదే కావాలి. కొనేముందు కొత్త ఆర్మ్‌లో బరువు ఉందా, పాతది మళ్లీ బిగించే వీలుందా అన్నది అడగండి.

### రాడ్ ఒక్కటే మార్చడం

నేరుగా కూర్చునే కార్లకు, కడ్డీ లింకేజీలకు ఇదే అసలు షార్ట్ షిఫ్టర్. అమెరికాలో సుమారు 80 నుంచి 200 డాలర్లు. ఇందులో పాత బీఎండబ్ల్యూవాళ్లు కనిపెట్టిన కిటుకు నాకు అన్నిటికన్నా ఇష్టం: ఈ30, ఈ36 తరాల 3 సిరీస్ కార్లలో అదే కంపెనీ జడ్3 1.9 కారు రాడ్ వేసుకోవడం. కంపెనీ భాగమే కాబట్టి నాణ్యతకు బెంగ లేదు, తగ్గింపు మోతాదులోనే ఉంటుంది, చప్పుడు రాదు. ఇంకా పొడవైన వాటి జోలికి పోతే కింది చివర డ్రైవ్ షాఫ్ట్ ముందున్న రబ్బరు కప్లింగ్‌కు రాసుకుంటుంది. కిందికి పెరిగే రాడ్లన్నిటికీ ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

టయోటా 86కు టీఆర్‌డీ, సుబారుకు ఎస్‌టీఐ పేరుతో కంపెనీల సొంత షార్ట్ షిఫ్టర్లు ఉన్నాయి. తగ్గింపు బయటి కిట్లంత ఉండదు. వారంటీలో ఉన్న కారుకు మాత్రం నేను వీటినే సూచిస్తాను. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం బయటి భాగం వేశారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం కొట్టివేయడం కుదరదు. కానీ గేర్‌బాక్స్‌లో రింగు అరిగినప్పుడు సర్వీసు కౌంటరు దగ్గర ఆ చట్టం చదివి వినిపించే ఓపిక ఎంతమందికి ఉంటుంది? డీలరు అమ్మి, డీలరే బిగించిన భాగమైతే ఆ వాదన సగం తగ్గుతుంది.

### పూర్తి అసెంబ్లీ

రాడ్, పీట, ఇరుసు, స్ప్రింగులు అన్నీ కొత్తవి. 10వ తరం సివిక్‌కు ఆక్యూయిటీ, ముస్టాంగ్‌కు ఎంజీడబ్ల్యూ వంటివి. సుమారు 250 నుంచి 500 డాలర్లు, కన్సోల్ మొత్తం విప్పే పని అదనం. రబ్బరు పీట పోయి లోహపు పీట వస్తుంది కాబట్టి వదులు, దూరం రెండూ ఒకేసారి తగ్గుతాయి. మధ్యకు లాగే స్ప్రింగు బలం, నాబ్ ఎత్తు మార్చుకునే వీలు కొన్నింటిలో ఉంటుంది.

2011 తర్వాత ముస్టాంగ్ ఆరు గేర్ల కార్లకు ఇది విలాసం కాదు. వాటి కంపెనీ షిఫ్టర్‌కు ఒక కొస గేర్‌బాక్స్‌కు, ఇంకో కొస రబ్బరు బుష్ ద్వారా బాడీకి బిగించి ఉంటుంది. గట్టిగా తొక్కినప్పుడు గేర్‌బాక్స్ కదిలి బాడీ కదలకపోవడంతో రాడ్ వరస తప్పుతుంది. అక్కడ డబ్బు సరైన చోటికే పోతుంది. వారానికి రెండుసార్లు కిరాణాకు వెళ్లే సివిక్‌కు మాత్రం ఇది ఎక్కువే.

### లేత్ షెడ్డులో కోసి అతికించడం

భారత్‌లో ఉన్నవారికి కిట్టు దొరకనప్పుడు ఎదురయ్యే దారి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట టర్నర్ చేతిలో పెడితే రాడ్ పై భాగం కోసి, మళ్లీ మర వేసి ఇవ్వడం పెద్ద పని కాదు. పై భాగం తగ్గించడం వరకు నాకు అభ్యంతరం లేదు. అతుకు లేకుండా మర మాత్రమే దించుకోవాలి, అంతే. ఇరుసుకు కింద వెల్డింగు చేసి పొడవు పెంచడానికి మాత్రం ఒప్పుకోకండి. ఆ చోట బలమంతా చిన్న అడ్డకోత మీద పడుతుంది, బంతి గుండ్రదనం వెల్డింగు వేడికి చెడితే కొత్త వదులు పుడుతుంది, అతుకు విరిగేది ఏ ఘాట్ మలుపులోనో తెలియదు. ప్రయోగం పాత రాడ్ ఒకటి స్క్రాప్‌లో కొని దాని మీద చేయండి. మీ కంపెనీ రాడ్ ఇంట్లో భద్రంగా ఉండాలి.

చట్టం గురించి అడుగుతారు కాబట్టి ఒక ముక్క. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు చెప్పినవాటికి భిన్నమయ్యే మార్పులను నిషేధిస్తుంది. గేరు రాడ్ పొడవు ఆర్‌సీలో ఉండదు. అసలు ఇబ్బంది వారంటీ దగ్గరే.

## ఒక్క చూపులో

| మార్గం | దూరం తగ్గుతుందా | వదులు తగ్గుతుందా | చప్పుడు | ఎవరికి |
|---|---|---|---|---|
| బుష్‌లు | లేదు | చాలా | రకాన్ని బట్టి | పాత కారు ఉన్న అందరికీ |
| బరువైన నాబ్ | కొద్దిగా | లేదు | పెరగదు | సందేహంలో ఉన్నవారికి |
| గేర్‌బాక్స్ వైపు ఆర్మ్ | బాగా | లేదు | కొంత కటకట | కేబుల్ కారు, కన్సోల్ విప్పడం ఇష్టం లేనివారు |
| రాడ్ ఒక్కటే | బాగా | కొంత | కిట్టును బట్టి | నేరుగా కూర్చునేవి, లింకేజీ కార్లు |
| పూర్తి అసెంబ్లీ | బాగా | చాలా | పెరుగుతుంది | ట్రాక్‌కు వెళ్లేవారు, ముస్టాంగ్ |
| లేత్ పని | కొంత | లేదు | పెరగదు | కిట్టు లేని కార్లు, పై భాగం వరకే |

## మీరు ఏ కోవలో ఉన్నారు?

హైదరాబాద్‌లో రోజూ ఆఫీసుకు వెళ్లివచ్చేవారికి బుష్‌లు, నాబ్ చాలు. చేతిబలం పెంచే ఏ మార్పూ ఆ ట్రాఫిక్‌లో వద్దు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు నడిపే కారైతే మరీ వద్దు. మీకు ముద్దొచ్చే బిగువు మీ అమ్మగారి మణికట్టుకు శిక్ష అవుతుంది.

షికాగో, మినియాపోలిస్ వంటి చలి ఊళ్లలో ఉన్నవారు ఇంకొకటి లెక్కలోకి తీసుకోవాలి. గడ్డకట్టే ఉదయాల్లో గేర్ ఆయిల్ చిక్కబడి మొదటి కొన్ని నిమిషాలు గేర్లు ఎలాగూ బరువుగా పడతాయి. దానికి షార్ట్ షిఫ్టర్ 1.3 రెట్లు కలిస్తే రెండో గేరు దాదాపు తోసి వేయాలి. అక్కడ 25 శాతం తగ్గింపు దాటవద్దు.

ట్రాక్ రోజులకు, ఆటోక్రాస్‌కు (కోన్ల మధ్య గడియారంతో పోటీపడి నడిపే ఆటకు) వెళ్లేవారు పూర్తి అసెంబ్లీకి డబ్బు పెట్టవచ్చు. ముస్టాంగ్ వంటి కార్లున్నవారు రాడ్ గేరులో ఆగిపోయే చోట అడ్డుబోల్టులు సర్దుకునే వీలున్నవి చూసుకుంటే ఆవేశంలో వేసే దెబ్బ గేర్‌బాక్స్ లోపలి ఫోర్కుల మీద పడదు.

జిమ్నీ ఉన్నవారి అసహనం నాకు అర్థమవుతుంది, ఆ రాడ్ నిజంగానే పొడవు. కానీ బండల మీద మెల్లగా ఎక్కేటప్పుడు తేలిగ్గా పడే గేరే మేలు. రోడ్డు మీదే తిప్పేవారైతే తక్కువ తగ్గింపు కిట్టు చూసుకోండి.

## గేర్‌బాక్స్ పాడవుతుందా?

తప్పక అడిగే ప్రశ్న. గేరు పడేముందు లోపల ఇత్తడి రింగు ఒకటి తిరుగుతున్న గేరు శంకువుకు రాసుకుని రెండింటి వేగాన్ని కలుపుతుంది. వేగాలు కలిసేదాకా పళ్లు లోపలికి వెళ్లకుండా ఆ రింగే అడ్డుకుంటుంది. షార్ట్ షిఫ్టర్ వేశాక అదే చేతిబలానికి రింగు మీద పడే ఒత్తిడి తగ్గుతుంది, కాబట్టి వేగాలు కలవడానికి ఒక్క రవ్వ ఎక్కువ సమయం పడుతుంది. ఓపిగ్గా వేసేవారి గేర్‌బాక్స్‌కు ఏమీ కాదు. దూరం తగ్గింది కదా అని సమయాన్నీ తగ్గించాలని తోసేవారి రింగులు త్వరగా అరుగుతాయి. ఇప్పటికే రెండో గేరు గరగరమంటున్న కారుకు షార్ట్ షిఫ్టర్ వేయకండి. ముందు గేర్ ఆయిల్ మార్చి చూడండి, అదీ కారుతో వచ్చిన పుస్తకంలో చెప్పిన గ్రేడే. జీఎల్-4 కోరే గేర్‌బాక్స్‌లో పై గ్రేడు కదా అని జీఎల్-5 పోయవద్దు. ఆ రెండూ వేర్వేరు పనులకు.

## బిగించిన రోజు

కేబుళ్లు విప్పేముందు వాటి చివరల స్థానాలు ఫోనులో ఫొటో తీసుకోండి. గుర్రపు లాడం ఆకారంలో ఉండే క్లిప్పులు తీసేటప్పుడు కింద ఒక గుడ్డ పరచండి. జారితే అవి సబ్‌ఫ్రేమ్ సందులోకి పోతాయి, అయస్కాంతం పుల్లతో తప్ప రావు. ఫోక్స్‌వాగన్‌లలో రాడ్‌ను తటస్థంలో పిన్ను గుచ్చి ఆపి, గేర్‌బాక్స్ వైపూ తాళం వేసి, అప్పుడే కేబుల్ క్లాంపులు బిగించాలి. ఈ అడుగు దాటవేసిన పనుల్లోనే ‘కిట్టు బాగోలేదు’ అన్న ఫిర్యాదులు ఎక్కువ.

కన్సోల్ మూసేముందే, ఇంజిన్ ఆపి ఉండగా, ప్రతి గేరూ వేసి రాడ్ నిండా వెళ్తోందా, తోలు తొడుగు అంచుకు తగిలి ఆగిపోతోందా చూడండి. రాడ్ ఆగడానికి కారణం గేర్‌బాక్సే కావాలి, కన్సోల్ ప్లాస్టిక్ కాకూడదు. ప్లాస్టిక్‌కు తగిలి ఆగిన గేరు సగమే పడి ఉంటుంది, గట్టిగా తొక్కినప్పుడు జారి బయటకు వస్తుంది. రివర్స్ ఉంగరం ఎత్తకుండా రివర్స్ పడుతోందా అనీ ప్రయత్నించండి. పడితే సర్దేదాకా కారు రోడ్డెక్కకూడదు. తర్వాత ఇంజిన్ వేసి క్లచ్ తొక్కి అవే గేర్లు మళ్లీ. మొదటి వారం అయ్యాక బోల్టులు ఒకసారి బిగువు చూడండి, ముఖ్యంగా లోహపు బుష్‌లు వేసినవారు.